అడుగుకి ఎంత?

2024 నవంబరు 19 సాయంత్రం, అమెరికాలో సియాటిల్ దగ్గరి సమామిష్‌లో మా అమ్మాయి ఇంట్లో కరెంటు పోయింది. చీకటి పడ్డాక గాలి తూర్పు నుంచి, కాస్కేడ్ కొండల మీదుగా విరుచుకుపడింది. ఇంటి వెనక వరసగా నిలబడ్డ డగ్లస్ ఫర్ చెట్లు మన తాడిచెట్లకు రెట్టింపు ఎత్తుంటాయి. అవి ఊగే చప్పుడు వింటూ నేనూ మా ఆవిడా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. 1996 నవంబరు 6న అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో తుఫానుకి కొబ్బరితోటలు నేలకొరిగిన రాత్రి గుర్తొచ్చింది ఇద్దరికీ. ఆ మాట మాత్రం ఇద్దరం పైకి అనలేదు. పిల్లలు పడుకున్నారు.

దాన్ని అక్కడ బాంబ్ సైక్లోన్ అన్నారు. సియాటిల్ చుట్టుపక్కల లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. చెట్లు కూలి ఇద్దరు చనిపోయారు. మా వీధిలో ఇళ్ళమీద చెట్లేవీ పడలేదు కానీ, తెల్లారి చూస్తే కప్పులన్నీ పచ్చగా ఉన్నాయి. ఫర్ రెమ్మలు, సూదుల్లాంటి ఆకులు, దేవదారు రెమ్మలు, వాటిమధ్య తడిసి అంటుకుపోయిన మేపుల్ ఆకులు. రెండు రోజులకు వాన మొదలైంది. గుమ్మం ముందు చూరంతా ఒకటే ధార, తెర దించినట్టు. గోడ వారగా కిందికి దిగే గొట్టంలోంచి మాత్రం చుక్క రావడం లేదు.

"గట్టర్లు నిండిపోయాయి నాన్నా" అంది మా అమ్మాయి.

గట్టర్ అంటే మనకు వీధి పక్క మురుగు కాలవ. అక్కడ చూరు పొడుగునా బిగించే అయిదంగుళాల అల్యూమినియం దోనె. మా మండువా ఇంట్లో వాలు కప్పులు కలిసేచోట జింకు రేకుతో చేసిన దోనెలుండేవి కనుక నాకు ఆ మాటే వస్తుంది. పది అడుగులకు పావు అంగుళం చొప్పున వాలు పెట్టి, మూలల్లో గొట్టాల్లోకి దింపుతారు. సియాటిల్లో ఏడాదికి పడే వాన దాదాపు వెయ్యి మిల్లీమీటర్లు. మన కోస్తాకి మరీ దూరం కాదు. అయితే మనకు కుంభవృష్టి కురిసి వెళ్ళిపోతుంది, వాళ్ళకు అక్టోబరు నుంచి మార్చి దాకా సన్నగా నసుగుతూనే ఉంటుంది. ఇళ్ళు కర్రవి. రెండువేల చదరపు అడుగుల కప్పుమీద అంగుళం వాన పడితే నాలుగువేల ఏడువందల లీటర్ల నీళ్ళు. అవి దోనె దాటి గోడ మొదట్లో పడ్డాయంటే చూరు పలక కుళ్ళుతుంది, ఇంటికింది ఖాళీలో నీళ్ళు చేరతాయి. తర్వాతి ఖర్చు వేల డాలర్లలోనే.

మా అల్లుడు గరాజ్‌లోంచి నిచ్చెన తీశాడు. మా అమ్మాయి దాని కాలు పట్టుకుని నిలబడి, ఎక్కనివ్వలేదు. ఆ పని చేసే మనిషికి ఫోన్ చేసింది. తుఫాను తర్వాత ఆయనకు ఊపిరాడడం లేదు, అయిదో రోజున వచ్చాడు.

ఆయనకు యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. తల్లిదండ్రులు మెక్సికో నుంచి యాకిమా లోయకు ఆపిల్ కోతలకు వచ్చినవాళ్ళు. మూడు కాళ్ళ తోట నిచ్చెనల మీద తను పెరిగానన్నాడు. వచ్చినవాడు నిచ్చెన దించలేదు. ముందు ఇంటిచుట్టూ ఒకసారి నడిచాడు. నేల ఎక్కడ మెత్తగా ఉందో కాలితో నొక్కి చూశాడు. కరెంటు తీగ ఇంటికి ఎక్కడ తగులుతుందో చూశాడు. తర్వాత ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి కప్పు అంచులు కొలిచి, "నూట తొంభై అడుగులు. రెండంతస్తులు. మూడువందల ముప్ఫై" అన్నాడు.

నేను ముప్ఫై రెండేళ్ళు గ్రామీణ బ్యాంకు శాఖల్లో అప్పులిచ్చాను. కుట్టుమిషన్లకు, ఆటోలకు, కొబ్బరి వ్యాపారాలకు, పీచు యూనిట్లకు. ఎవరొచ్చినా రెండు ప్రశ్నలడగడం నా ఉద్యోగం: ఏం సామాను కొంటావు, రేటు ఎలా కడతావు. ఆయన పనిచేస్తుంటే కిందనుంచి అవే అడిగాను. సగం పనయ్యాక ఆయనే అన్నాడు, "సార్, ఇవాళ ఇంకా రెండిళ్ళున్నాయి. నాతో వచ్చి చూస్తారా?" అని. అమెరికాలో నేను చూసినవాటిలో నాకు బాగా గుర్తున్నది ఆ రోజే. స్నోక్వాల్మీ జలపాతానికీ వెళ్ళాం, అదీ బాగుంది.

ముందు నిచ్చెనల సంగతి. ట్రక్కు మీద మూడున్నాయి. ఒకటి ఇరవై ఎనిమిది అడుగుల ఫైబర్‌గ్లాసు జారుడు నిచ్చెన. రెండు ముక్కలు మూడడుగుల మేర ఒకదాని మీద ఒకటి ఉండాలి కనుక పనికొచ్చేది ఇరవై అయిదే. రెండోది ఒంటి అంతస్తు ఇళ్ళకు మడత నిచ్చెన. మూడోది మెట్లమీద, వాలు నేలమీద ఒక కాలు పొడుగు చేసుకోవడానికి వీలున్నది. ఫైబర్‌గ్లాసు నిచ్చెన ముప్ఫై కిలోల దాకా ఉంటుంది, అల్యూమినియం దానికంటే చాలా తేలిక. రోజుకి వందసార్లు ఎత్తి జరిపేవాడికి ఆ తేడా నడుముకి తెలుస్తుంది. మరి బరువుది ఎందుకు కొన్నావంటే, పాత ఇళ్ళకు కరెంటు తీగ సరిగ్గా చూరు దగ్గరే వచ్చి తగులుతుందన్నాడు. తడి చేతులు, తడి లోహం, తల పక్కన తీగ.

నిచ్చెన తలకు కొమ్ముల్లాంటి అడ్డకడ్డీ ఒకటి బిగించి ఉంది. అది దోనెని దాటి కప్పు మీద ఆనుతుంది. అది లేకపోతే నిచ్చెన బరువంతా పల్చటి దోనె మీదే పడి అది నొక్కుకుపోతుంది. పైగా గాలికి నిచ్చెన పక్కకి జారుతుంది. వంద డాలర్ల చుట్టుపక్కల దొరికే వస్తువు. "అన్నిటికంటే ముందు కొనాల్సింది ఇది. నేను అన్నిటికంటే ఆఖర్న కొన్నాను" అన్నాడాయన. మొదటి ఏడాది ఆయన దాచుకున్న డబ్బంతా పెట్టి కొన్నది పెద్ద వాక్యూమ్ యంత్రం. దానికి కార్బన్ ఫైబర్ గొట్టాలు, కొసన కెమెరా. నేలమీద నిలబడే దోనెలోని చెత్త లాగేయొచ్చని. ఓక్, మేపుల్ ఆకులు పొడిగా ఉంటే అది లాగుతుంది. కానీ నెలల తరబడి నానిన ఫర్ సూదాకులు రుబ్బిన పిండిలా దోనె అడుగున అంటుకుపోతాయి, దానికి రావు. గొట్టం మెడలో ఇరుక్కున్న ముద్ద అసలే రాదు. గాజు కప్పుల పైన, నిచ్చెన నిలవనిచోట ఇప్పటికీ దాన్ని వాడతాడు. మిగతా రోజుల్లో షెడ్డులో ఉంటుంది.

ఇది విన్నప్పుడు నాకు మా శాఖకి వచ్చిన మనుషులు చాలామంది కళ్ళముందు మెదిలారు. యంత్రం పేరు చెబితే అప్పు తేలిగ్గా పుట్టేది. కొటేషన్ ఉంటుంది, బిల్లు ఉంటుంది, తనిఖీకి వెళితే చూపించడానికి వస్తువు ఉంటుంది. చేతికి తొడుక్కునేదానికీ కాలికి వేసుకునేదానికీ అప్పు ఇచ్చినట్టు నాకు ఒక్కటీ గుర్తులేదు.

ఇక మిగిలినవి చిన్న సామానే. దోనె ఆకారానికి సరిపోయే ప్లాస్టిక్ చేతిపార (ఇనుపది అయితే రంగు గీరుకుపోతుంది), కొక్కెంతో నిచ్చెనకు వేలాడే బకెట్, లోపల రబ్బరు పైన తోలు రెండు జతల గ్లవ్స్, నీళ్ళ గొట్టం, అడ్డు తీయడానికి మెలికల తీగ. దోనెలు బిగించిన పాత మేకులు సూది మొనలతో లోపలికి పొడుచుకుని ఉంటాయి. ఆయన ఎడమ అరచేతిలో పొడుగాటి మచ్చ చూశాను. వీపున తగిలించుకునే బ్లోయర్ కూడా ఉంది, పది కిలోలు. ఎండ కాసి కప్పు ఆరిన రోజున కప్పు మీద నడుస్తూ దాంతో ఊదుకుంటూ పోతే మూడు గంటల పని గంటలో అయిపోతుందట. కానీ ఆ ఊళ్ళో పనున్న నెలల్లో కప్పు ఆరదు, పైన నాచు ఉంటుంది. ఆ రోజు బ్లోయర్ ట్రక్కు దిగలేదు.

మా ఇంటి పని చూస్తూ నేనొక లెక్క వేసుకున్నాను. నిచ్చెన మీద ఉన్న మనిషి బెల్టు బకిల్ నిచ్చెన రెండు పట్టీల మధ్య నుంచి బయటికి పోకూడదన్నది ఆ పనిలో నియమం. వంగితే నిచ్చెన తిరగబడుతుంది. అంటే ఒకచోట నిలిపితే చేతికి అందేది ఆరడుగులు. నూట తొంభై అడుగులకు ముప్ఫై రెండుసార్లు నిచ్చెన జరపాలి. ఒక్కోసారి పద్దెనిమిది అడుగులు ఎక్కితే అయిదువందల డెబ్భై ఆరు అడుగుల ఎక్కుడు, అంతే దిగుడు. యాభై అడుగుల కొబ్బరిచెట్లు పదకొండో పన్నెండో ఎక్కి దిగినంత. ఆయనకు చెప్పాను. నవ్వి, "అడుగుల లెక్క ఇంటివాళ్ళ కోసం సార్. నా లెక్క నిచ్చెన ఎన్నిసార్లు జరిపానన్నదే" అన్నాడు.

తీసిన చెత్తనంతా పచ్చ డబ్బాలోకి ఎత్తాడు. మా అల్లుడు నీళ్ళ గొట్టంతో వీధిలోకి తోసేద్దామంటే వద్దన్నాడు. ఆ వీధి జాలీల్లో పడ్డ నీళ్ళు ఏ శుద్ధీ లేకుండా వాగుల్లోకి పోతాయి. ఇసాక్వా వాగులో అప్పటికింకా సాల్మన్ చేపలు ఎదురీదుతున్నాయి. నాచు చావడానికి కొందరు కప్పుమీద జింకు పొడి చల్లుతారు, అది చేపలకు విషం కనుక తను చల్లనన్నాడు. దానికోసం వచ్చే బేరాలు వదులుకుంటాడు.

తర్వాతి ఇల్లు బెల్‌వ్యూలో, లేక్ హిల్స్ పేటలో. 1950ల్లో కట్టిన ఒంటి అంతస్తు ఇళ్ళు, చూరు చేయెత్తు కంటే కాస్త పైన. సరస్సు పక్క రోడ్డు మీద వెళుతూ ఆయన తన రేటు కట్టిన తీరు చెప్పాడు. ఏడాదికి తనకు నిజంగా పని దొరికేది నూట నలభై రోజులు. ట్రక్కు, పెట్రోలు, బీమా, ఫోను, అరిగిపోయే సామాను కలిపి ఇరవై ఒక్కవేల డాలర్లు. అంటే తెల్లారి ట్రక్కు స్టార్ట్ చేసేసరికే నూట యాభై ఖర్చు. సొంత పని చేసుకునేవాడు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద పదిహేనుంపావు శాతానికి పైగా తనే కట్టుకోవాలి, మన దగ్గర పీఎఫ్‌లో యజమాని వేసే వాటా కూడా తనే వేసుకున్నట్టు. ఆరోగ్య బీమా దానిమీద. అన్నీ పోను ఇల్లు నడవాలంటే రోజుకి ఏడువందలు రావాలి. దార్లో పోయే వేళతో కలిపి రోజుకి నాలుగిళ్ళకంటే కావు. కనుక సగటున ఇంటికి నూట డెబ్భై అయిదు. ఎంత చిన్న ఇల్లయినా నూట యాభైకి తక్కువ తీసుకోడు. ఒంటి అంతస్తుకి అడుగుకి డాలరు పది సెంట్లు, రెండంతస్తులకు డాలరు డెబ్భై అయిదు. కప్పు నిటారుగా ఉంటే, కింద నేల వాలుగా ఉంటే, రెండేళ్ళుగా ఎవరూ శుభ్రం చేయకపోతే ఇంకా పైన.

"రెండో అంతస్తుకి ఆ అరవై అయిదు సెంట్లు దేనికి?" అని అడిగాను. "వేళ ఎక్కువ పడుతుందనా?"

"వేళకి ఇరవై సెంట్లు. మిగతాది నేను పడితే ఏమవుతుందో దానికి."

కాసేపు ఆగి చెప్పాడు. ఈ పని నేర్చుకునే రోజుల్లో తనతో ఉన్న కుర్రాడు ఒకడు తడిసిన చెక్క డెక్కు మీద నిచ్చెన వేశాడు. నాచు పట్టిన చెక్క. నిచ్చెన కాళ్ళు వెనక్కి జారాయి. తుంటి విరిగింది, తర్వాత మళ్ళీ నిచ్చెన ఎక్కలేదు. ఆ ఇంటి రేటు తొంభై డాలర్లు. వాళ్ళ యజమాని ఫోన్‌లో "చిన్న ఇల్లే" అన్న మాట విని చెప్పేశాడు. వెళ్ళి చూస్తే దోనెలో మొక్కలు మొలిచి ఉన్నాయి, నిలువు గొట్టం భూమిలోపల పూడిపోయింది. తొంభైకి ఒప్పుకున్న పని గనక తొందరపడ్డారు. తొందరలో నిచ్చెన ఎక్కడ పడితే అక్కడ వేశారు. అప్పట్నుంచి తను ఇల్లు చూడకుండా, ఆఖరుసారి ఎప్పుడు చేయించారో అడగకుండా రేటు చెప్పడు.

నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. సరస్సు మీద మంచు పొరలా పరుచుకుని ఉంది. కోనసీమలో రెండు నెలలకోసారి కొబ్బరి దింపు తీస్తారు. చెట్టుకింతని రేటు. ముప్ఫై అడుగుల చెట్టుకీ అదే, డెబ్భై అడుగుల ముసలి చెట్టుకీ అదే. కొబ్బరి వ్యాపారానికి అప్పు అడిగిన ప్రతి దరఖాస్తులోనూ "దింపు ఖర్చు" అని ఒక గడి ఉండేది. ఊళ్ళో నడిచే రేటు అందులో వేసి, చెట్ల సంఖ్యతో హెచ్చవేసి సంతకం పెట్టాను, ఎన్ని వందలసార్లో. ఎత్తు రాయడానికి గడి లేదు. ఉండాలని నాకూ తట్టలేదు. మా ఊళ్ళో చెట్టు మీంచి పడ్డవాళ్ళను నేను ఎరుగుదును. వాళ్ళ ఇళ్ళకు పరామర్శకు వెళ్ళాను, ఖర్చులకు ఎంతో కొంత చేతిలో పెట్టి వచ్చాను. ఆ డబ్బు ముందే రేటులో ఉండాల్సిన డబ్బని అప్పుడు అనుకోలేదు. 2024 జూలైలో తెలంగాణలో గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో బెల్టులు, తాళ్ళు ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. పేపర్లో చదివి మంచి పని అనుకుని పేజీ తిప్పేశాను. తాడిచెట్టు మీంచి మనుషులు పడుతూ ఎన్ని తరాలు గడిచాక ఆ బెల్టు వచ్చిందో ఆ ట్రక్కులో కూర్చున్నాక అనిపించింది.

లేక్ హిల్స్ ఇంట్లో ఒంటరిగా ఉంటున్న ముసలామె. నూట నలభై అడుగులు, నూట యాభై నాలుగు డాలర్లు. గంటలో పని అయిపోయింది. తుఫాను తర్వాత ఇంకొకరు మూడువందల యాభై అడిగారని చెప్పి, ఆమె ఆయన చేతిలో నాలుగు పెద్ద కుకీలు పెట్టింది. మీరెందుకు పెంచలేదని తర్వాత అడిగాను. "అడుగులు పెరగలేదుగా సార్. వాన రోజున, గాలి రోజున నేను ఎక్కను. ఎక్కిన రోజున పని అంతే" అన్నాడు. తుఫాను తర్వాత రెండు రోజులు ఫోన్ మోగుతూనే ఉన్నా పెద్ద నిచ్చెన ట్రక్కు మీంచి దించలేదట.

మూడో ఇల్లు ఇసాక్వా పైన, స్క్వాక్ కొండ వాలులో. ముందునుంచి చూస్తే రెండంతస్తులు. పక్కకి వెళితే నేల పడిపోతూ పోతూ వెనకవైపు మూడంతస్తులైంది. ఆ కింద లోయ, ఫెర్న్ మొక్కలు, ఎక్కడో నీళ్ళ చప్పుడు. వెనక డెక్కు చెక్కమీద పచ్చటి నాచు. ఆయన డెక్కు మీద బూటుకాలు ఆనించి ఒకసారి జార్చి చూశాడు. కింద వాలులోకి దిగి, మోకాళ్ళ దాకా ఫెర్నుల్లో నిలబడి చాలాసేపు పైకి చూశాడు. నేను రోడ్డు మీద నిలబడి ఆయన్ని చూస్తున్నాను.

వచ్చి ఇంటాయనతో చెప్పాడు. ముందువైపూ పక్కలూ చేస్తాను, నూట పది అడుగులు, ఇంత అవుతుంది. వెనకవైపు చేయను.

ఇంటాయన పాపం చెడ్డవాడు కాదు, కంగారులో ఉన్నాడు. వెనక గదిలోకి నీళ్ళు దిగుతున్నాయి. "రెట్టింపు ఇస్తాను" అన్నాడు.

"దానికి నా దగ్గర రేటు లేదండి."

మూడింతలన్నాడు. ఈయన తల అడ్డంగా ఊపి, కప్పు శిఖరానికి లంగరు బిగించి తాళ్ళతో దిగే మనుషులు వేరే ఉంటారని, వాళ్ళను పిలవమని, అప్పటిదాకా పైన గొట్టం నోరు మాత్రం కిటికీలోంచి తెరిచిపెడతానని చెప్పాడు. లోపలికి వెళ్ళి కిటికీలోంచి చెయ్యి చాపి ఒక్క గుప్పెడు ముద్ద తీశాడు. గొట్టంలో నీళ్ళు గడగడమని దిగడం రోడ్డు మీద ఉన్న నాకే వినిపించింది. దానికి డబ్బు తీసుకోలేదు.

అప్పులిచ్చే ఉద్యోగంలో నేను రేటు తక్కువైతే నష్టం, ఎక్కువైతే బేరం పోతుంది అన్న లెక్కే చూశాను. ఏ రేటూ లేని చోటు ఒకటి ఉంటుందని, పనివాడు దాన్ని ముందే గుర్తుపట్టి పక్కన పెట్టుకోవాలని ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ చూడలేదు. మూడింతలు వద్దని ఆయన ట్రక్కెక్కి సీటు బెల్టు పెట్టుకుంటుంటే, చేతులు కడుక్కున్నా పోని ఫర్ ఆకుల వాసన ఆయన చొక్కాలోంచి వస్తోంది, పచ్చి మామిడాకు నలిపినట్టు.

సంక్రాంతి దాటాక ఊరికి తిరిగొచ్చాం. వారం తిరక్కుండా దింపు పడింది. మా తోటలో అరవై చెట్లు. నూతి దగ్గర మూడు మా తాతగారు వేసినవి, మిగతావాటికంటే బాగా ఎత్తు. దింపు తీసే అతను పాతికేళ్ళుగా మాకు తీస్తున్నవాడే. కాళ్ళబందం తడుపుకుంటున్నాడు. దగ్గరకు వెళ్ళి, "ఏమయ్యా, ఆ మూడు చెట్లకీ విడిగా రేటు చెప్పు. నీకు ఎంత అనిపిస్తే అంత" అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. తర్వాత నాలుగడుగులు వెనక్కి వేసి చెట్లకేసి చూశాడు. మట్టల్లోకి, మొవ్వులోకి, మొదలు దగ్గర వంపులోకి. స్క్వాక్ కొండ మీద ఫెర్నుల్లో నిలబడి చూసిన మనిషి చూసినంతసేపూ చూశాడు. రెండు చెట్లకు రేటు చెప్పాడు, ఊరి రేటుకి రెండున్నర రెట్లు. సరేనన్నాను.

"మూడోది?"

"అది ఎక్కనండి బాబుగారూ. తుఫానుకి వేరు కదిలిందది. పైకెళితే ఊగుతాది. నాలుగేళ్ళ నుంచీ ఎక్కబుద్ధి కావట్లేదండి."

"మరి ఎక్కావు కదా?"

"అన్నిటికీ ఒకటే రేటు గదండి. ఇదొక్కటీ ఎక్కనంటే ఏం బాగుంటాదని."

ఆ చెట్టు కాయలు రాలినప్పుడు ఏరుకుంటున్నాం.